గోరంత తగ్గిన నీడ

రామచంద్రపురం,
9 నవంబరు 2025.

బ్రహ్మశ్రీ లక్ష్మీనరసింహం బావగారికి,

మణిశంకర్ నమస్కారాలు. మీరూ అక్కయ్యగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మొన్నటి తుఫానుకు మీ దొడ్లో నాలుగు కొబ్బరిచెట్లు పడ్డాయని విన్నాను. ఇంటి మీద పడనందుకు సంతోషం. ఇక్కడ క్షేమం అని రాయడం రివాజు. వేళకు అన్నం తింటున్నాను, సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తున్నాను. దాన్ని క్షేమం అనుకోండి.

ఫోన్లో చెప్పదగ్గ సంగతి కాగితం మీద పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఫోన్లో మీ గొంతు పెద్దది. నాది మధ్యలో ఆగిపోతుంది.

మీ చెల్లెలు పోయి వచ్చే నెలకు ఏడాది. మార్గశిర బహుళ ద్వాదశి ఈసారి డిసెంబరు పదహారున వచ్చిందని మీరే చెప్పారు. ఆబ్దికం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. త్రిపురకూ ఉండేది కాదు. ఇంటికి నలుగురు వచ్చి కడుపునిండా తిని వెళ్లే పని ఏదైనా ఆమెకు ఇష్టమే.

నా అభ్యంతరం మీరు ఫణిశ్రీకి చెప్పిన మాట మీద.

పోయిన ఆదివారం మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. మామూలుగా అయితే ఏం వండుకున్నావని మొదలుపెడుతుంది. ఈసారి అడగలేదు. అమ్మ దక్షిణాయనంలో పోయిందనీ, అది మంచి గతి కాదనీ, ఆబ్దికానికి ముందు శాంతి జరిపించి తీరాలనీ మావయ్య చెప్పాడంది. నేను వద్దన్నాను. ఫోన్ పెట్టేసిందనుకున్నాను. అప్పుడంది:

"ఇంకో రెండు వారాలు ఆగలేకపోయావా నాన్నా?"

బావగారూ, జలవనరుల శాఖలో ఉద్యోగం వెలగబెట్టినన్నాళ్లూ గండిపడిన గట్లు చూశాను. గండి ఎక్కడ పడిందో తెలిస్తే పూడ్చవచ్చు. ఇది ఎక్కడ పడిందో నాకు తెలుసు. మీ అరుగు మీద పడింది.

కాకినాడ ఆస్పత్రి వరండాలో మీరు అన్నది నేను మరచిపోలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, ఇక మిగిలింది గొంతులోకి గొట్టం వేసి మిషన్ మీద పెట్టడమే, దానివల్ల మనిషి తేరుకోదు, రోజులు పెరుగుతాయి అని డాక్టరు చెప్పాడు. మీరు వెంటనే పెట్టండి అన్నారు. సంక్రాంతి దాటేదాకా ఎలాగైనా ఆపండి, ఉత్తరాయణం వచ్చాక దేవుడిష్టం అన్నారు. డాక్టరు నా వైపు చూశాడు. అతని ముఖంలో ఉన్నది నాకు అర్థమైంది. మీకు అర్థం కాలేదు. రెండోరోజు నేను ఆమెను ఇంటికి తీసుకొచ్చాను. ఆక్సిజన్ మిషనూ మాస్కూ పెట్టుకుని, మన ఇంట్లో, తన మంచం మీద, ఆమె పది రోజులు ఉండి వెళ్లింది. నిరుడు డిసెంబరు ఇరవై ఏడున.

ఆ ఏడాది సూర్యుడు దక్షిణాన చివరంటా పోయి వెనక్కి తిరిగింది డిసెంబరు ఇరవై ఒకటిన. మధ్యాహ్నం. ఇది నా అభిప్రాయం కాదు. మీ పంచాంగంలోనే ఉంది. డిసెంబరు పేజీ అడుగున, చీమలంత అక్షరాల్లో, 'సాయన ఉత్తరాయణ ప్రారంభం' అని. మీరు గుణించినదే, మీ పేరు మీద అచ్చయినదే.

ఫణికి మీరు ఒక్క మాట చెప్పండి. మీ అమ్మ వెళ్లేనాటికి సూర్యుడు తిరిగేశాడమ్మా అని. నేను చెబితే నా తొందరను కప్పిపుచ్చుకోవడానికి చెబుతున్నానంటుంది. మీరు చెబితే నమ్ముతుంది. మీ ఒళ్లో పెరిగిన పిల్ల.

శాంతి జరగదు. భోజనాలకు మీరిద్దరూ తప్పక రావాలి.

ఇట్లు,
మణిశంకర్.

*

రామచంద్రపురం,
27 నవంబరు 2025.

లక్ష్మీనరసింహం బావగారికి నమస్కారాలు.

మీ జాబు అందింది. అక్కయ్యగారి మోకాళ్లు కుదుటపడినందుకు సంతోషం. పంపిన పూతరేకులు అందాయి. డబ్బా అలాగే ఉంది. ఆత్రేయపురం నుంచి తెచ్చిన ఏ డబ్బా అయినా త్రిపుర విప్పాకే నేను ముట్టేవాణ్ణి. అలవాటు.

మీ జాబులో రెండు సంగతులున్నాయి. ఒకటి, శాస్త్రం వేరు, సైన్సు వేరు అన్నారు. రెండు, "మీరు లాకులెత్తితే నీళ్లొస్తాయి గానీ బావగారూ, ఉత్తరాయణం రాదండీ" అన్నారు. రెండోది బాగుంది. త్రిపుర ఉంటే నవ్వేది. ఆమె నవ్వాక మీకు జవాబు చెప్పేది. ఇప్పుడు ఆ పని నా మీద పడింది. నాకు ఆమె అంత బాగా చెప్పడం రాదు. ఆమె చెబుతుండగా ముప్ఫై ఏళ్లు విన్నాను, అంతే.

కాలేజీలో భూగోళం పాఠం చెప్పేటప్పుడు ఆమె సంచిలో ఒక బొంగరం ఉండేది. లక్క రంగు పోయిన పాత కొయ్య బొంగరం. అది మీరు ఆమెకు ఇచ్చిందేనని మీకు గుర్తుందో లేదో. ఆడపిల్లలు బొంగరం తిప్పకూడదని మీ నాన్నగారు కసిరితే, దొడ్డివైపు తీసుకెళ్లి తాడు చుట్టడం నేర్పింది మీరేనట. అయనాంశ అనే మాట మొదటిసారి విన్నదీ మీ నోటే అని చెప్పేది. మీ నాన్నగారు పంచాంగం గుణిస్తుంటే మీరు పక్కన కూర్చునేవారు, మీ పక్కన ఆమె. ఆయన తప్పు వేస్తే మీరు దగ్గేవారట. నేరుగా చెబితే కోపమని.

ఆ బొంగరం బల్ల మీద తిప్పి వదిలేది. జోరుగా తిరుగుతున్నంతసేపూ నిలువుగా ఉంటుంది. జోరు తగ్గేకొద్దీ తల నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతుంది. పిల్లలు దాని ఒళ్లు తిరగడం చూసేవారు, ఆమె తల చూడమనేది. భూమి కూడా అలా తల తిప్పుతోందనీ, ఒక చుట్టుకు దాదాపు ఇరవై ఆరు వేల ఏళ్లు పడుతుందనీ చెప్పేది. తల పక్కకు జరిగితే, అదే నక్షత్రం దగ్గర సూర్యుడు కనిపించే రోజుకూ, నేల మీద చలికాలం తిరిగే రోజుకూ పొత్తు తప్పుతుంది. డెబ్భై రెండేళ్లకు ఒక్క రోజు. ఆ తేడా కొలతే మీ అయనాంశ. మన ఒక్కరి జీవితంలో తెలియదు. పదిహేడు వందల ఏళ్లలో తెలుస్తుంది. సంక్రాంతినాడే సూర్యుడు తిరిగిన కాలం ఒకటుంది. అప్పటివాళ్లు ఆకాశం చూసి రాసుకున్నారు. తర్వాతివాళ్లు వాళ్లు రాసింది చూసి రాసుకున్నారు. ఆకాశం జరిగిపోయింది. రాత జరగలేదు.

ఇదంతా మీకు తెలియదని రాయడం లేదు. తెలుసునని రాస్తున్నాను. నా కోపమంతా అక్కడే ఉంది.

శాస్త్రం వేరు అన్నారు. సరే, శాస్త్రమే తీసుకోండి. పురాణంలో ఉత్తరాయణం కోసం బాణాల మీద పడుకుని ఎదురుచూసిన పెద్దాయన ఎవరి కోసం ఎదురుచూశాడు? సూర్యుడి కోసం. అచ్చయిన కాగితం కోసం కాదు.

కార్తెల సంగతి తీసుకోండి. మృగశిర వస్తే వాన వస్తుందని మన రైతులంతా చూస్తారు. నేనూ చూశాను. కాలవలకు నీళ్లు వదిలే రోజుల్లో నా బల్ల మీద రెండు కాగితాలుండేవి, వాతావరణ శాఖ వాళ్లదీ, మీ పంచాంగమూ. మృగశిర జూన్ మొదటి వారం చివర వస్తుంది, తొలకరి కూడా అప్పుడే. ఇద్దరూ కలిసి నడుస్తున్నట్టు ఉంటుంది. కాని పదిహేను వందల ఏళ్ల కిందట మృగశిర మే నెల నడిమి ఎండల్లో వచ్చేది. ఆనాటి రైతు మృగశిరను నమ్మి నారుమడిలో చల్లితే గింజ మాడిపోయేది. అతను ఇంకో కార్తెను నమ్మాడు. ఇంకో రెండు వేల ఏళ్లకు మృగశిర జూలైలో వస్తుంది. అప్పటికి సార్వా నాట్లు అయిపోవాలి. ఆనాటి రైతు మీ పంచాంగం పట్టుకుని గట్టు మీద కూర్చుంటే, అతని పిల్లలు ఏం తింటారు? వానకు కార్తె తెలియదు. వానకు ఎండ తెలుసు. ఎంత ఎండ, ఏ నెలలో, ఏ ఒరుగున పడుతుందన్నది తెలుసు.

త్రిపురకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇంకోటుంది. అది మీకు చెప్పిందో లేదో తెలియదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన గుండ్రం కాదు. కొంచెం సాగి ఉంటుంది. ఏడాదిలో ఒకసారి మనం సూర్యుడికి బాగా దగ్గరగా వెళతాం. ఈ రోజుల్లో ఆ దగ్గరితనం జనవరి మొదట్లో, మన చలిలో పడుతోంది. అందుకే మనకు తెలియదు. పదకొండు వేల ఏళ్ల కిందట అది మన ఎండాకాలంలో పడేది. నేల ఇంకా కాగేది, సముద్రం మీది గాలి ఇంకా గట్టిగా లోపలికి వచ్చేది, వానలు ఇంకా కురిసేవి. ఈనాడు ఇసుక తప్ప ఏమీ లేని ఆఫ్రికా ఎడారిలో అప్పుడు చెరువులుండేవి, నీటి గుర్రాలుండేవి, మనుషులు చేపలు పట్టేవారు. భూమి దారి నెమ్మదిగా మారింది. వాన వెనక్కి తగ్గింది. చెరువులు ఎండాయి. మనుషులు నీళ్లున్న చోటికి నడిచారు. ఎవరూ పాపం చెయ్యలేదు. ఎవరూ శాంతి చెయ్యలేదు.

మన గోదావరి సముద్రంలో కలిసేచోట అడుగున పేరుకున్న బురదను గొట్టాలతో తీసి చూస్తారట. ఏ పొరలో ఎంత మట్టి ఉందో చూస్తే, ఏ కాలంలో ఎంత వాన కురిసిందో, పైన దక్కనులో ఎలాంటి చెట్లుండేవో చెప్పవచ్చునట. మా వీధిలో ఎవరు బోరు వేసినా త్రిపుర వెళ్లి నిలబడేది. ఒకసారి పాపాయి గారింట్లో బోరు వేస్తుంటే అంత లోతునుంచి నల్లమట్టితో పాటు గవ్వలొచ్చాయి. పాపాయి గారు దేవుడి గూట్లో పెట్టుకుంటానన్నారు. త్రిపుర రెండు అడిగి తెచ్చుకుంది. అవి ఇప్పటికీ కిటికీలో ఉన్నాయి. మనం కూర్చున్న ఈ నేల అంతా భూమి ఎటు వంగితే అటు వచ్చిన వరద తెచ్చి పోసిందే. మీ కొబ్బరితోటా అంతే. నా పింఛనూ అంతే.

ఇక్కడ మీరు నన్ను పట్టుకోవచ్చు. జాబులో పట్టుకున్నారు కూడా. వాతావరణం మార్చేది గ్రహగతే అయితే ఈనాటి ఎండలకు మనుషుల్ని తప్పుపట్టడం ఎందుకని అడిగారు. ఈ మాట మీరు మొదటిసారి అనడం కాదు. రెండేళ్ల కిందట ఉగాదికి పంచాంగ శ్రవణంలో అన్నారు. ముందువరసలో కూర్చున్న రొయ్యల చెరువుల పల్లంరాజు గారు చప్పట్లు కొట్టారు. చుట్టూ వరిచేలు ఉప్పెక్కినా, బోర్లలో ఉప్పునీళ్లు వచ్చినా, వేసవిలో తలుపు తీయలేకపోయినా ఆయనకు ఇక భయం లేదు. అంతా ఆకాశం మీద తోసేయవచ్చు.

ఆరోజు త్రిపుర లేచి నిలబడింది. సభలో ఆమె మీకు ఎదురు చెప్పడం అదే మొదలు, అదే ఆఖరు. ఆమె అన్నది నాకు మాటకు మాట గుర్తుంది. "అన్నయ్యా, భూమి దారి మారడానికి వేల ఏళ్లు పడుతుంది. మన ఊరి ఎండ మారడానికి మన వయసు చాలింది. ఆ రెండూ ఒకటి కాదు. దారి లెక్కన అయితే మనం ఇప్పుడు నెమ్మదిగా చల్లబడుతూ ఉండాలి." అని కూర్చుంది. మీరు నవ్వి, మా చెల్లెలు లెక్చరరండీ, పుట్టింట్లో కూడా పీరియడ్ తీసుకుంటుంది అన్నారు. అందరూ నవ్వారు. ఇంటికి వస్తూ కారులో, ద్రాక్షారామం దాటాక ఒకటే అంది. అన్నయ్యకి ఇదంతా తెలుసండీ, సభలో అనలేడంతే అని.

బావగారూ, మీ పద్ధతి నాకు ఇప్పుడు అర్థమైంది. ఆకాశం నిజంగా మారిన చోట మారలేదంటారు. మనుషులు మార్చిన చోట ఆకాశం మార్చిందంటారు. ఎక్కడ ఏది ఎదుటివాళ్లకు నచ్చితే అక్కడ అది. మీ అరుగు మీద కూర్చునేవాళ్లకు అది సౌకర్యంగా ఉండవచ్చు. నా కూతురికి లేదు.

ఆమె సంగతి చెబుతాను. ఫణి చిన్న పిల్ల కాదు. బ్యాంకులో పదిమందిని నడిపిస్తోంది. తల్లి దగ్గర వారం ఉండి, ఉద్యోగం తప్పక వెళ్లి, మళ్లీ బయలుదేరేలోపు కబురు అందుకున్న పిల్ల. ఆఖరి చూపు దక్కని బాధ దాని దగ్గర ముందే ఉంది. దాని పక్కన మీరు ఇంకోటి పెట్టారు, అమ్మ చీకటి దారిన వెళ్లిందని, అందుకు నాన్న కారణమని. ఇప్పుడు అది రాత్రి నిద్రపట్టడం లేదంటోంది. అమ్మ ఎక్కడ ఉందోనని భయమేస్తోందంటోంది. భూగోళం లెక్చరరు కూతురు ఈ మాట అంటోంది.

నన్ను తిట్టమనండి, పడతాను. త్రిపుర ఎక్కడో చీకట్లో ఉందని దాన్ని నమ్మించకండి.

మళ్లీ అడుగుతున్నాను. చీమలంత అక్షరాల్లో మీరు అచ్చు వేసినదాన్ని ఒక్కసారి పైకి చదవండి. ఫణికి వినపడేలా.

మణిశంకర్.

*

రామచంద్రపురం,
22 డిసెంబరు 2025.

లక్ష్మీనరసింహం గారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగా ఇల్లు చేరారని అక్కయ్యగారు ఫోన్ చేశారు. గుమ్మం దగ్గర మీరు మరచిపోయిన కళ్లజోడు పెట్టె ఈ కవరుతో పాటు పంపుతున్నాను.

పదహారో తారీకున జరిగింది ఒకసారి రాసిపెట్టుకోవాలనుంది. మీరూ చదవండి. నాది తప్పు జ్ఞాపకమైతే దిద్దండి.

సత్యప్రసాద్ శాస్త్రిగారు ఉదయమే వచ్చారు. సంకల్పంలో దక్షిణాయనే అన్నారు. నేనూ అన్నాను. అందులో అబద్ధం లేదు, ఆరోజు మీ లెక్కనా నా లెక్కనా దక్షిణాయనమే. తిథి ఏడాదికేడాదికి ముందుకూ వెనక్కూ జరుగుతుందని మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. పిండాలు పెట్టేటప్పుడు నా చేతిలోంచి దర్భలు జారిపోతే మీరు ఏరి ఇచ్చారు. అది మరచిపోను.

శాంతి మాట ఫణి నన్ను మళ్లీ అడగలేదు. మీరూ ఎత్తలేదు. మీరు దానికి చెప్పేశారేమో, ఇక ఈ ఉత్తరాలు అక్కర్లేదేమోనని ఒక పూట ఆశపడ్డాను.

తర్వాత భోజనాలు. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. పల్లంరాజు గారు కూడా వచ్చారు, మర్యాదస్థుడు, కాదనను. ఫణి వడ్డించి, చివరికి మీ పక్కన కూర్చుంది. ఆయన ఆఖరి రోజుల సంగతి అడిగారు, బాధ పడిందా అని. నేను చెప్పేలోపు మీరు అందుకున్నారు.

"మా బావగారికి తొందరెక్కువండీ. లాకు ఎత్తినంత తేలిగ్గా మాస్కు ఎత్తేశారు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వాలో లేదో తెలియక నవ్వారు. మీరు నవ్వలేదు, అది నేను చూశాను. మీ గొంతులో ఉన్నది వేళాకోళం కాదు, దుఃఖమే. ఏడాదిగా అది అలా పులిసింది. కాని ఫణికి అది వినపడలేదు. కలుపుతున్న పెరుగన్నం విస్తట్లో వదిలేసి లేచిపోయింది. తల్లి ఆబ్దికంనాడు కూతురు విస్తరి ముందు నుంచి లేచిపోయింది. కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే వెనకే వెళ్లాను. నా వైపు తిరగకుండా అడిగింది, నిజంగా నువ్వే తీశావా అని. నేను జవాబు చెప్పలేదు. చెప్పలేని కారణం ఒకటుంది. అది నా జవాబే అనుకుంది. ఆ సాయంత్రమే బస్సు ఎక్కేసింది. మీరు ఆ తర్వాత గోదావరి గట్టున దానితో కలిసి శాంతి జరిపించడానికి రోజు కూడా పెట్టారని నిన్న అక్కయ్యగారు నోరు జారారు.

నేను ఇంజినీరుని. ఒక గట్టు ఎంత బరువు ఆపుతుందో, ఎక్కడ ఆపలేదో లెక్క వేయడం నా పని. ఈ ఏడాదంతా ఆపాను. పదహారో తారీకు దాకా ఆపగలిగాను.

నిన్న మళ్లీ సూర్యుడు తిరిగాడు. ఈసారి చీకటి పడ్డాకట. మధ్యాహ్నం పన్నెండింటికి మేడ మీదకు వెళ్లాను. పాత యాంటెన్నా గొట్టం ఇంకా ఉంది. త్రిపుర ఏటా పిల్లలతో సుద్దముక్కతో గీతలు గీయించిన చోటే నీడ పడింది. భారతదేశపు గడియారాన్ని పెట్టిన గీత మన కాకినాడ పక్కనుంచే పోతుందనీ, అందుకే మనకు గడియారం పన్నెండంటే దాదాపు నిజంగా నడినెత్తి పొద్దేననీ ఆమెకు గొప్పగా ఉండేది. సొంత పొలంలోంచి పోతున్నట్టు చెప్పేది.

నిరుటి గీతల్లో కొన్ని వానలకు కూడా పోలేదు. అవి నేను గీసినవి. ఇటుక ముక్కతో గీశాను, అందుకని.

ఇంతకన్నా ఏమీ రాయదలచుకోలేదు. శాంతికి నేను రాను. ఫణిని ఆపను. మీరు మాత్రం ఒకసారి అద్దంలో చూసుకుని వెళ్లండి.

ఇట్లు,
మణిశంకర్.

తా.క.: సంతకం చేశాక కవరు అంటించలేకపోయాను. ఆమెకు ఇచ్చిన మాట తప్పుతున్నాను.

ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్దామన్నది నేను కాదు. ఆమె. గొట్టం వద్దని డాక్టరుకు కాగితం మీద రాసి ఇచ్చింది. అన్నయ్యతో మీ నిర్ణయమని చెప్పండి, లేకపోతే నా మీద అలుగుతాడు అంది. చెప్పాను. మీరు నా మీద అలిగారు. ఆమె కోరిందే జరిగింది.

ఇంటికి వచ్చిన రోజే మాస్కు తీసెయ్యమంటుందనుకున్నాను. ఇక ఎప్పుడైనా అది ఆమె ఇష్టమని డాక్టరు చెప్పే పంపాడు. ఒక్కో ఊపిరికి ఒళ్లంతా లేచి పడుతోంది. చూడలేక నేనే అడిగాను, చాలు కదా అని. తల అడ్డంగా ఊపింది. రోజూ మధ్యాహ్నం నన్ను మేడ మీదకు పంపేది. దిగి వచ్చాక బొటనవేలు అటూ ఇటూ తిప్పి అడిగేది, తిరిగిందా అని. ఇరవై ఒకటి దాటినా ఒప్పుకోలేదు. పుస్తకంలో తిరిగితే చాలదు, నేల మీద కనపడాలంది. ఆ నాలుగైదు రోజులూ నీడ గీత మీదే నిలబడింది. అప్పుడు అంతేనట, తిరిగేచోట సూర్యుడు ఆగినట్టు ఉంటాడట. ఆ రోజులు ఆమె ఎలా గడిపిందో మీకు రాయను.

ఇరవై ఏడున నీడ చిటికెనవేలి గోరంత తగ్గింది. దిగి వచ్చి గోరు చూపించాను. కళ్లు మూసుకుని తెరిచింది. తన చేత్తో తనే మాస్కు తీసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నేను చేసింది అంతే.

ఫణికి ఇది నేను చెప్పను. మీరు చెప్పండి. ఎందుకు మీరే చెప్పాలో కింద ఉంది.

అంతకు ముందురోజు ఉండబట్టలేక అడిగాను. నీకు ఈ అయనాల మీద నమ్మకం లేదు కదా, ఎవరి కోసం ఈ బాధంతా అని. మాస్కు పక్కకు జరిపి చెప్పింది. "అన్నయ్య నమ్ముతాడండీ. తిరక్కుండా వెళ్లిపోతే జీవితాంతం కుమిలిపోతాడు."

మీ అన్నయ్య సంక్రాంతి దాకా ఒప్పుకోడే అన్నాను.

ఆ ముఖంలో నవ్వు రావడానికి చాలాసేపు పట్టింది. "అది ఊళ్లోవాళ్లకండీ. అన్నయ్యకి లెక్క తెలుసు."